మామా వదిలిపోయిన పులిపిండి

పోయిన వారం నా ఫోన్‌కు ఒక ప్రశ్నాపత్రం వచ్చింది. పంపినది నేను పెరిగిన ఇంటి యజమానుల కూతురు. కువైట్‌కు కోడళ్ళుగా వచ్చి స్థిరపడిన రష్యన్ మాట్లాడే ఆడవాళ్ళ గురించి వాళ్ళ పిల్లలంతా కలిసి ఒక చిన్న పుస్తకం వేస్తున్నారట. ఎవరు ఎలా వచ్చారు, ఎలా నెగ్గుకొచ్చారు, ఏం వండుకున్నారు. అందులో రొట్టెకు ఒక పేజీ ఉంది. ఆ పేజీకి బొమ్మగా, నేను చిన్నప్పుడు గళ్ళ కాగితం మీద గీసిన ఒక పట్టిక ఫొటో పెట్టింది. దాని కింద వ్యాఖ్య కూడా అప్పటికే రాసేసింది: 'అమ్మమ్మ ఊరి నుంచి వచ్చిన పులిపిండి ఒక్క రోజు కూడా తెగకుండా మన చేతికి అందిందనడానికి సాక్ష్యం.' నన్ను ఎనిమిది ప్రశ్నలు అడిగి, వారంలోగా జవాబులు పంపమంది.

నా ఉద్యోగం ఆయిల్ ప్లాంట్‌లో మీటర్లు సరిచూడటం. మీటరు ఎంత తప్పు చూపిస్తోందో రాసి, కింద సంతకం పెట్టి, మీద స్టిక్కరు అంటిస్తాను. తప్పు కాగితాన్ని ఎవరైనా సాక్ష్యం అన్నారంటే నాకు పంటి కింద రాయి పడ్డట్టే. ఆ పట్టిక తప్పు. అందులో మూడు వరుసలు నేను కల్పించి రాసినవి. ఎనిమిది ప్రశ్నలకు ఎనిమిది ముక్కలు రాసి పంపితే పోయేదానికి, రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి వారమంతా పాడు చేసుకున్నాను. చివరికి మొదటి నుంచి చెప్పడమే నయమనిపించింది.

నా చిన్నప్పుడు మేం కువైట్‌లోనే సల్వా అనే పేటలో ఉండేవాళ్ళం. నాయన ఆ ఇంటి డ్రైవరు, అమ్మ వంటమనిషి. పెరటి గోడకు ఆనుకున్న ఒక గది మాది. కడప వైపు నుంచి వచ్చిన మావాళ్ళలో మొగుడొక ఇంట్లో, పెళ్ళామొక ఇంట్లో, పిల్లలు ఊళ్ళో అవ్వ దగ్గర ఉండటం మామూలు. వీసా ఇచ్చిన ఒకే కఫీల్ ఇంట్లో ముగ్గురం ఉండటం చూసి నాయన స్నేహితులు మమ్మల్ని లాటరీ కొట్టినవాళ్ళను చూసినట్టు చూసేవారు. అందుకు కారణం ఆ ఇంటి ఇల్లాలు. నన్ను ఊళ్ళో వదిలి వచ్చిన మొదటి ఏడాది అమ్మ ఉల్లిపాయలు తరుగుతూ ఏడ్చేదట. ఉల్లిపాయలు లేని రోజు కూడా ఏడవడం ఆమె గమనించింది. భర్తతో పోట్లాడి, నా కాగితాలు తయారు చేయించింది. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు యజమానురాలిని మామా అంటారు. అమ్మను చూసి నేనూ మామా అనేవాణ్ణి.

మామాది బెలారస్‌లో అడవి పక్కన ఒక పల్లె. ఆమె పుట్టినప్పుడు అదంతా ఒకటే పెద్ద దేశం. ఇక్కడి నుంచి ఇంజనీరింగ్ చదవడానికి వెళ్ళిన అబ్బాయిని పెళ్ళి చేసుకుని వచ్చింది. అలా వచ్చినవాళ్ళు సల్వాలోనూ పక్క పేట రుమైథియాలోనూ మరికొందరు ఉండేవారు. ఒకావిడది ఉక్రెయిన్, ఒకావిడది కజకిస్తాన్, ఒకావిడది తాష్కెంట్. నాయన లెక్కలో అందరూ 'రష్యావోళ్ళు'. నేను బడి అట్లాసు తెచ్చి ఏ ఊరు ఎక్కడుందో చూపించి సరిదిద్దబోతే, "అందరూ టీలోకి జామే గదరా నంజుకునేది" అని తేల్చేసేవాడు. ఆయనతో వాదనలన్నీ అక్కడే ఆగేవి. ఏ అట్లాసూ అంతకంటే ముందుకు వెళ్ళలేదు.

శుక్రవారం సాయంత్రం వాళ్ళంతా మా పెద్దింట్లో కలిసేవారు. మధ్యాహ్నం నుంచే వంటింట్లో సోయికూర వాసన, వెల్లుల్లి వాసన, ఉప్పునీళ్ళలో ఊరిన దోసకాయల వాసన. ఆ దోసకాయల మీద అమ్మకు తీరని అనుమానం. నూనె లేదు, కారం లేదు, నీళ్ళు చూస్తే కుడితిలా ఉంటాయి, ఇదేం ఊరగాయ అని. వచ్చినవాళ్ళు మొదట గట్టిగా నవ్వుకునేవారు, తరువాత పాడేవారు, ఆఖర్న ఏడ్చేవారు. వారం వారం అదే వరుస. ఏడ్చేదానికి ఇన్ని రకాలు వండించుకోవాలా అని అమ్మ గిన్నెలు తోముతూ సణిగేది. నేను బల్ల కింద దూరి, వాళ్ళు తెచ్చిన తియ్యటి చిక్కపాల డబ్బాకు మేకుతో రంధ్రం పొడిచేవాణ్ణి. ఒక్క రంధ్రమే పొడిస్తే పాలు రావు, గాలి లోపలికి పోవడానికి రెండోది కావాలి. నేను నేర్చుకున్న మొదటి భౌతికశాస్త్రం అదే. దానికి బహుమతిగా నాయన చేత ఒక లెంపకాయ.

ఆ శుక్రవారాలన్నీ నల్లరొట్టె చుట్టూ తిరిగేవి. గోధుమకు చుట్టమైన రై అనే ధాన్యం పిండితో చేస్తారు. అప్పట్లో మాకు తెలిసిన ఏ దుకాణంలోనూ ఆ రొట్టె దొరికేది కాదు. నిజం చెప్పాలంటే మా ముగ్గురిలో ఎవరికీ అది గొంతు దిగలేదు. చింతపండు నీళ్ళలో నానేసిన అట్టముక్కలా ఉండేది. మాకు పంపిన ముక్కల్ని అమ్మ గోడ మీద పావురాలకు వేసేది. పావురాలు కూడా ఒకసారి పొడిచి చూసి వదిలేసేవి. కానీ ఆ ఆడవాళ్ళు మొదటి ముక్కను తినబోయే ముందు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవారు. 

ఆ రొట్టె పులియడానికి మామా దగ్గర ఒక సీసాలో పాత పిండి ఉండేది. పెళ్ళయి వచ్చేటప్పుడు వాళ్ళమ్మ తన పిండిలోంచి ఇంత తీసి, గుడ్డలో కట్టి ఇచ్చిందట. వాళ్ళమ్మకు వాళ్ళమ్మ ఇచ్చింది. రోజూ కాస్త తీసేసి, కొత్త పిండీ నీళ్ళూ వేస్తూ పోతే అది ఎన్నేళ్ళయినా బతికే ఉంటుంది. మామా దాన్ని పిండి అనేది కాదు. 'ఆమె' అనేది. ఆమె ఈ రోజు అలిగింది, ఆమెకు చలేస్తోంది, ఇలా. ఇది కూడా నాకు చిరాకుగానే ఉండేది.

ఒక ఎండాకాలం వాళ్ళమ్మకు జబ్బు చేసిందని కబురు వచ్చి, ఇంటిల్లిపాదీ రెండు నెలలకు బెలారస్ ప్రయాణమయ్యారు. పోయే ముందు మామా నన్ను పెద్ద వంటింట్లోకి పిలిచి సీసా చూపించింది. మీ అమ్మ చెయ్యి మంచిదే, కానీ ఆమె కొలవదు, నువ్వు కొలుస్తావు, అంది. అది నిజం. అమ్మ జీవితంలో దేన్నీ కొలిచి ఎరగదు. మామా ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ఎనిమిది సూచనలు రాసి అల్మారా తలుపుకు అంటించింది. పొద్దున ఆరుకు, సాయంత్రం ఆరుకు పిండి వేయాలి. ఎన్ని చెంచాలో, నీళ్ళు ఎన్ని గీతలో రాసింది. నాలుగో సూచన కింద రెండు గీతలు కొట్టింది: పిండి, నీళ్ళు తప్ప మరేదీ వేయకూడదు, ఉప్పు కాదు, చక్కెర కాదు, వేలు కూడా కాదు. సీసాను ఫ్రిజ్‌లో పెట్టకూడదన్నది ఏడోది. చలికి ఆమె నిద్రపోయి మళ్ళీ లేవదని మామా నమ్మకం. తరువాత చదివి తెలుసుకున్నాను, ఫ్రిజ్‌లో పెడితే వారాల తరబడి నిక్షేపంగా ఉంటుంది. ఆ ఒక్క సూచన లేకపోయి ఉంటే నేనిప్పుడు ఇదంతా రాసే పనే ఉండేది కాదు.

నేను గళ్ళ కాగితం మీద పట్టిక గీశాను. రోజుకొక వరుస: తేదీ, రెండు పూటల సమయం, పిండి, నీళ్ళు, ఎంత పొంగిందో స్కేలుతో కొలిచి సెంటీమీటర్లలో, ఆఖర్న వాసన. వాసన గడిలో 'పుల్లటి మజ్జిగ', 'తడి గోనెసంచి', 'నాయన బూట్లు' అని రాసేవాణ్ణి. నెల రోజులు ఒక్క పూట తప్పలేదు. పట్టిక చూసుకుని నేను పడిన గర్వం ఇప్పుడు గుర్తొస్తే ఒళ్ళు మండుతుంది.

ఇంతలో సూర్యగ్రహణం వచ్చింది. ఊరి నుంచి అవ్వ ఫోన్ చేసి, ఫలానా రోజు సాయంత్రం పట్టుకుంటుంది, ఫలానా గంటకు విడుస్తుంది అని చెప్పింది. మన ఊరికీ ఇక్కడికీ రెండున్నర గంటల తేడా ఉందని, అవ్వ చెప్పిన సాయంత్రం అంటే ఇక్కడ మధ్యాహ్నమని నేను అమ్మకు కాగితం మీద వేసి చూపించాను. అమ్మ శ్రద్ధగా చూసింది.

"అయితే రెండూ పాటిస్తే పోలా" అంది.

"రెండు కావమ్మా, ఒకటే."

"నీ గడియారం సంగతి సూర్యునికి తెలుసునా? గమ్మునుండు."

అలా ఒకే గ్రహణాన్ని మేం రెండుసార్లు పట్టాం. మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా పచ్చి నీళ్ళు కూడా లేవు. ముందు రోజు రుబ్బిన దోసెల పిండిని అమ్మ పొద్దున్నే పారబోసింది. గ్రహణం దాటిన వండిన పదార్థం, పులిసిన పదార్థం తినకూడదని మావాళ్ళ ఆచారం. పారేయలేని వాటిలో, అంటే ఊరగాయల్లో, పెరుగులో, తాగే నీళ్ళలో గరిక పోచ వేస్తే వాటికి దోషం అంటదు. ముందరి లాన్‌లో గరికే ఉండేది కాబట్టి దానికి కొదవ లేదు. నా చేత కోయించి, కడిగించి, ఎక్కడెక్కడ వేయాలో అమ్మ ఒప్పజెప్పింది. మూడు ఊరగాయ జాడీలు, పెరుగు గిన్నె, నెయ్యి, నీళ్ళ క్యాన్. ఏడో పోచ మామా పులిపిండికి.

ఆరూ వేసి, ఏడో పోచ పట్టుకుని పెద్ద వంటింట్లోకి వెళ్ళాను. అల్మారా తలుపు మీద నాలుగో సూచన ఉంది. గరిక అని అందులో లేదు. కానీ మరేదీ అంటే గరిక కూడా. పైగా ఆ పిండి బెలారస్‌ది, దానికి మన గ్రహణంతో ఏం పని? సీసాలో వేయకుండా మూత మీద పెడితే సరిపోయేది కదా అని ఎవరైనా అనొచ్చు. నాకు అప్పుడు తోచలేదు. తోచడానికి పదిహేనేళ్ళు పట్టింది. పోచను నిక్కరు జేబులో వేసుకుని వచ్చేశాను.

చీకటి పడ్డాక తలంటు పోసి, ఒళ్ళు తుడుస్తూ అమ్మ అడిగింది. "మామా పిండిలో ఏసినావా?"

నాకు అబద్ధం చెప్పే అలవాటు లేదు. "లేదు. వేయకూడదని రాసుంది" అన్నాను.

అమ్మ తుడవడం ఆపేసింది. తువ్వాలు నా నెత్తి మీద వదిలేసి బయటికి వెళ్ళింది. ఎక్కడికి వెళ్ళిందో అర్థమయ్యేసరికి కాస్త సమయం పట్టింది. నేను చొక్కా తొడుక్కుని పెరడు దాటి పరుగెత్తేటప్పటికి, సీసా సబ్బుతో కడిగేసి, గిన్నెల స్టాండులో బోర్లించి ఉంది. అద్దంలా మెరుస్తోంది. అమ్మ చేతులు తుడుచుకుంటోంది.

నేను ఏం అన్నానో గుర్తులేదు. గట్టిగానే అని ఉంటాను. అమ్మకు మాత్రం నా గోల అర్థం కాలేదు. పాపిష్టి పిండితో రొట్టె చేసి, వాళ్ళందరి కడుపుల్లోకి పంపి, ఆ ఉసురు మనం కట్టుకోవాలా అంది. మామా ఉప్పు తింటున్నాం కాబట్టే పారబోశానంది.

"పిండే గదా. సంచి నిండా ఉండాది. నాలుగు దినాలు పులియబెడ్తే అదే వస్తుంది."

"అది పిండి కాదమ్మా. తోడు."

ఆ మాటతో అమ్మ ముఖం మారింది. పాలు పెరుగు కావాలంటే పాత పెరుగు చుక్క కావాలి. ఆ చుక్కను తోడు అంటాం. ఆ చుక్క ఎవరింటి నుంచి వచ్చిందో, ఎవరి చేతి తోడు కమ్మగా తోడుకుంటుందో మా ఊళ్ళో ఆడవాళ్ళకు తెలుసు. మామా వాళ్ళమ్మ ఇచ్చిన తోడు అది అని, ఆ అమ్మే ఇప్పుడు మంచం మీద ఉందని, నెల రోజులుగా నేను ఆ ఇంట్లో పట్టిక గీస్తున్నాను కానీ అమ్మకు ఒక్కసారి కూడా చెప్పలేదు. పట్టికలో ఆ గడి లేదు మరి.

"తోడని ముందే చెప్పింటే చేయి పెడ్తునా నేను?" అని అమ్మ అక్కడే కింద కూర్చుంది. "మామాకు ఏం మొగం చూపించాల్రా ఇంగ."

నాయన వచ్చి ఇద్దరి వాదనా విన్నాడు. ఆయన తీర్పు ఎప్పుడూ ఒకటే, ఇద్దరికీ తెలివి ఎక్కువైందని. కానీ ఒక దారి చెప్పాడు. ఊళ్ళో తోడు అయిపోతే ఏం చేస్తాం? పక్కింటికి గిన్నె పట్టుకుని పోతాం. శుక్రవారం వచ్చేవాళ్ళలో ఎవరో ఒకరికి మామా ఇచ్చే ఉంటుంది. ఎండాకాలానికి అందరూ దేశాలు పోయారు, ఒక్క రుమైథియా ఆవిడ తప్ప.

ఆవిడ ఎందుకు పోలేదో నాకు తరువాత తెలిసింది. ఆవిడ పాస్‌పోర్టు మీద అచ్చయిన దేశం అప్పటికి లేదు. ముక్కలైన వాటిలో కొత్త పాస్‌పోర్టు ఏ ముక్కను అడగాలో తేలలేదు. పుట్టింది ఒకచోట, చదివింది ఒకచోట, పెళ్ళి రిజిస్టరు అయింది ఇంకోచోట. వెళ్తే తిరిగి రానిస్తారో లేదోనని ఏళ్ళ తరబడి కదల్లేదు.

మొదటిసారి వెళ్తే తలుపు తాళం వేసి ఉంది. రెండో రోజు నాయనకు తీరిక లేదు. మూడో రోజు దొరికింది. నాయన దారంతా నాకు ఒక కథ నేర్పించాడు. మామా ఫోన్ చేసి, జాగ్రత్త కోసం ఇంకో సీసా కూడా పెట్టమంది అని చెప్పాలి. ఆవిడ తలుపు తీసి, చల్లటి నీళ్ళిచ్చి, నాయన అరబ్బీలో చెప్పిన కథంతా విన్నది. విని, నాయనను వదిలి, నన్ను ఇంగ్లీషులో అడిగింది.

"చంపేశారా?"

"గ్రహణం" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. ఫ్రిజ్ పైగది తెరిచి, వెనక నుంచి గడ్డకట్టిన చిన్న ముద్ద తీసింది. మూడు కవర్లలో చుట్టి ఉంది. మీరు రొట్టె చేస్తారా అని అడిగాను. చెయ్యను, మా ఇంట్లో ఎవరూ తినరు అంది. మరి ఎందుకు దాచారు అన్నాను.

"ఎవరో ఒకరి దగ్గర ఉండాలి కదా" అంది. "మీ మామాకు నువ్వే చెప్పు. రొట్టె తినకముందే చెప్పు."

 తిరిగొస్తుంటే సల్వా సిగ్నలు దగ్గర నాయన, "మన కాగితాలే నయం రా, పొమ్మంటే పోయేదానికి ఒక ఊరుండాది" అన్నాడు.

ఇక్కడితో అయిపోయి ఉంటే నేను తల ఎత్తుకుని ప్రశ్నాపత్రం నింపేవాణ్ణి. ముద్ద కరిగించి, సీసాలో పెట్టి, మూడు రోజుల లోటును పట్టికలో మామూలుగా నింపేశాను. పొంగు నాలుగు పాయింట్ రెండు, నాలుగు పాయింట్ ఒకటి, నాలుగు పాయింట్ మూడు. అబద్ధానికి దశాంశం పెడితే నిజంలా కనిపిస్తుందని అప్పుడే కనిపెట్టాను. మర్నాడు పొద్దున పిండి సీసా మూతను తోసేసి, అల్మారా మీద కారింది. నెల రోజుల్లో ఎన్నడూ అంత పొంగలేదు. గడ్డకట్టి పడి ఉన్న ముద్ద ఒక్క రాత్రిలో అలా లేవడం కుదరని పని. అమ్మను అడిగాను. అమ్మ గోడ వైపు చూసింది.

రుమైథియా ఆవిడ మొదటి రోజు దొరకలేదు కదా. అమ్మకు ఆ రాత్రి నిద్ర పట్టలేదట. ఆవిడ దగ్గర లేకపోతే ఎట్లా అని, రై పిండి కలిపి, గ్రహణం విడిచాక కొత్తగా రుబ్బిన దోసెల పిండి అందులో వేసింది. రెండు రోజుల్లో అది బుడగలు వచ్చి లేచింది. ఇంతలో నేను అసలు ముద్ద తెచ్చాను.

"రెండూ కలిపేసినావా?" అన్నాను.

"అది బాగా లేస్తా ఉండె రా. బతికిండేదాన్ని పారబోయబుద్ధి కాలా. ముందే ఒకసారి పారబోసి ఉంటి."

అంటే, పారేయకూడనిది పారేసి, పారేయాల్సినదాన్ని జాలితో ఉంచింది. సీసాలో పొంగుతున్నది బెలారస్ పల్లెదో, మా అమ్మ మినప్పప్పుదో తెలుసుకునే మార్గం లేకుండా పోయింది. విడదీయలేం, మళ్ళీ మొదలుపెట్టలేం. ఆవిడ ఇచ్చిన ముద్ద మొత్తం అందులోనే ఉంది. ఇప్పటికీ ప్లాంట్‌లో ఎవరైనా రెండు శాంపిళ్ళు ఒకే సీసాలో పోస్తే నేను అరిచే అరుపుకు మూలం ఇదేనని నా అనుమానం.

మామా వాళ్ళు చెప్పిన రోజు కంటే వారం ఆలస్యంగా వచ్చారు. ఆ వారంలో వాళ్ళమ్మ పోయింది. ఎయిర్‌పోర్టు నుంచి వచ్చేటప్పుడే మామా భర్త, మేం బాబా అనేవాళ్ళం, ఆ విషయం నాయనకు చెప్పి, ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తొద్దన్నాడు. ఎత్తితే ఆమె తట్టుకోలేదని. అందరం నోళ్ళు మూసుకున్నాం.  నేను చెప్పాల్సింది కూడా చెప్పలేదు. రొట్టె తినకముందే చెప్పమంది రుమైథియా ఆవిడ. కానీ తల్లి పోయి వచ్చిన మనిషితో, నీ తల్లి ఇచ్చింది కూడా పోయింది అని ఎలా చెప్పడం?

మర్నాడు మామా సూట్‌కేసు కూడా విప్పకుండా రొట్టె చేసింది. నేను పట్టిక పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. అమ్మ సింకు దగ్గర ఉంది. రొట్టె చల్లారాక మామా ఒక ముక్క కోసి, వాసన చూసింది. నోట్లో పెట్టుకుని నమిలింది. మళ్ళీ వాసన చూసింది. ముక్కను బల్ల మీద పెట్టేసింది.

"వేరేగా ఉంది" అంది. ఎవరితోనూ కాదు, రొట్టెతోనే అన్నట్టు. "అమ్మ పోయిందని దీనికి తెలిసిపోయింది. నేను ఆఖరి రోజు ఆమె దగ్గర లేను, మందుల కోసం పట్నం వెళ్ళాను. అందుకే అమ్మకు నా మీద కోపం. ఇక నాకు ఆ రొట్టె రాదు."

అరబ్బీలో అన్న ఆ మాటలు నాకు సగమే అందాయి. అమ్మకు మాత్రం మొత్తం అందినట్టుంది. కుళాయి కట్టేసింది. నేను కళ్ళతో వద్దన్నాను. నాయన ముందు రోజంతా అమ్మకు అదే చెప్పాడు, వద్దని. పంపించేస్తే ముగ్గురం పోతామని. అమ్మ నా వైపు చూడనే లేదు.

"మామా, మీ అమ్మకు కోపం లేదు" అంది. "నేనే పారబోసినా."

అమ్మకు వచ్చింది వంటింటి అరబ్బీ. దాంట్లో గ్రహణానికి మాట లేదు, దోషానికి లేదు, తోడుకు అసలే లేదు. సూర్యుణ్ణి చేత్తో మూసి చూపించింది. సీసా బోర్లించి చూపించింది. కొత్త ముద్ద రుమైథియా నుంచి వచ్చిందంది. బియ్యం డబ్బా, మినప్పప్పు డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టి, "ఇది కూడా" అంది. ఆఖర్న, "రుచి మారింది దీనివల్ల. మీ అమ్మ వల్ల కాదు" అంది. మూడుసార్లు చెప్పింది, అదే వాక్యం.

మామా నన్ను పిలిచింది. సీసా ఎన్ని రోజులు ఖాళీగా ఉంది అని అడిగింది. మూడు అన్నాను. దోసెల పిండి ఎంత? రెండు చెంచాలు, పెద్దవి. ఈ పట్టికలో ఏవి అబద్ధం? వేలు పెట్టి చూపించాను. ఆమె ఆ మూడు వరుసలూ చదివి, పట్టిక మడిచి సొరుగులో పెట్టింది. మళ్ళీ ఆ రొట్టె ముక్క తీసుకుని, మినప్పప్పు డబ్బా వైపు చూస్తూ, కొత్త వంటకం రుచి చూసినట్టు నెమ్మదిగా తిన్నది. శుక్రవారం వచ్చేవాళ్ళకు చెప్పొద్దంది. వాళ్ళలో సగం మంది ఇక్కడిదాకా వచ్చేది దీనికోసమే అంది.

చెప్పలేదు. ఆ శుక్రవారాలు మరికొన్నేళ్ళు సాగాయి. రొట్టె ఇదివరకటి కంటే మెత్తగా వస్తోందని వాళ్ళు మెచ్చుకున్నారు. రుమైథియా ఆవిడ మాత్రం ఏమీ అనకుండా రెండు ముక్కలు ఎక్కువ తినేది. మామా ఇప్పుడు లేదు. మిగతావాళ్ళలో కొందరు పిల్లల దగ్గరికి వెళ్ళిపోయారు, కొందరు పోయారు. రహస్యం దాచాల్సినవాళ్ళు ఎవరూ ఇక్కడ మిగల్లేదు. అందుకని మామా కూతురికి ఇదంతా పంపిస్తున్నాను. 'తెగకుండా' అన్న మాట తీసేయాలి. అది తప్పు. ఆ మాట చోటులో ఏం రాయాలో మాత్రం ఆమే తేల్చుకోవాలి, నాకు తేలలేదు.

అమ్మ ఒప్పుకున్న ఆ రోజు మామా మమ్మల్ని తిట్టలేదు, పంపేయలేదు. స్టూలు లాక్కుని సింకు పక్కన అమ్మ దగ్గర కూర్చుంది. వాళ్ళమ్మ ఎలా పోయిందో చెప్పడం మొదలుపెట్టింది. మొదట అరబ్బీలో, తరువాత అది చాలక తన భాషలో. ఎలాంటి బట్ట కట్టారో, ఎవరు మోశారో, మట్టి ఎలా ఉందో చేతులతో చూపిస్తూ చెప్పింది. మధ్యాహ్నం వంట మొదలు కాలేదు. బాబా రెండుసార్లు తొంగిచూసి వెళ్ళాడు. నాకు ఆకలి దంచేస్తోంది. అమ్మ కూరగాయలు తరగడం ఆపి, ఒక్కొక్క మాటకూ ఆఁ కొడుతూ కూర్చుంది.

గదికి వచ్చాక, ఇంతసేపు ఏం చెప్పిందని విసుక్కుంటూ అడిగాను.

"ఏమో రా, సగం అర్థం కాలా" అంది అమ్మ. "కానీ మొత్తం చెప్పుకున్నింది."